తొమ్మిదో ప్రశ్న

ఆ యూనివర్సిటీలో ఫారం నింపడం నిజంగా తెలిసినవాళ్ళు ఇద్దరేనని ఒక మాట ఉండేది. ఒకరు ఆ ఫారాన్ని తయారుచేసిన మహానుభావుడు, రెండోవారు ఫారాల పెద్దమ్మ. ఆ మహానుభావుడు ఎవరో, ఏ కాలంలో రిటైరయ్యాడో ఎవరికీ తెలియదు కాబట్టి పిల్లలందరికీ పెద్దమ్మే దిక్కు.

పరీక్షల విభాగంలో ఆమె పంతొమ్మిదేళ్ళు ఒకే కిటికీ వెనక కూర్చుంది. హాజరు తగ్గడానికి కారణమేమిటని ఫారంలో ఒక గడి ఉంటుంది. అమాయకులు అందులో నిజం రాస్తారు. పొద్దున్నే మెలకువ రావడం లేదనో, క్లాసులో కూర్చోబుద్ధి కావడం లేదనో రాస్తారు. ఆ ఫారం ఎర్ర సిరాతో తిరిగొస్తుంది. "అనారోగ్యం" అని ఒక్క ముక్క రాస్తే అదే ఫారం మారుమాట లేకుండా పైకి పోతుంది. ఏ గడిలో ఏ మాట రాస్తే పని జరుగుతుందో పెద్దమ్మకు కొట్టినపిండి. అందుకే పిల్లల చేత ముందు పెన్సిల్‌తో రాయించేది. తను ఒకసారి చూసి, దిద్దించి, ఆ తర్వాతే పెన్ను పట్టనిచ్చేది.

"ఫారమంటే నిజం చెప్పుకునే చోటు కాదు నాన్నా, పని జరిపించుకునే చోటు. నిజాలు చెప్పుకోడానికి స్నేహితులున్నారుగా" అనేది. ఈ ఒక్క సూత్రంతో ఎన్ని వేలమందిని గట్టెక్కించిందో చెప్పలేం. సూత్రం మంచిదే. పరీక్షల విభాగంలో ఉన్నంతకాలం దానివల్ల ఎవరికీ చీమ కుట్టినంత నష్టం కూడా జరగలేదు.

ఆమె భర్త కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరైనవాడు, మాటకారి. "పెళ్ళికి ముందు ఈవిడ నా మొహం చూళ్ళేదండీ, నా ఉద్యోగం దరఖాస్తు చూసింది. అందులో తప్పుల్లేవని ఒప్పుకుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ సంగతికి ఎవరైనా జాలిపడబోతే, "ఏడాదికి మూడు వేలమంది పుడుతున్నారు నాకు. ఇంకా కావాలంటే ఎక్కడ పెట్టను?" అని పెద్దమ్మ వాళ్ళ నోరు మూయించేది.

నాలుగేళ్ళ కిందట ఆమెను పరీక్షల విభాగం నుంచి విద్యార్థుల మానసిక ఆరోగ్య కేంద్రానికి మార్చారు. పేరు ఘనంగానే ఉంది. ఉన్నది మాత్రం పాత కాగితాల గోదాము, మధ్యలో ప్లైవుడ్ గోడలు కొట్టి చేసిన మూడు గదులు. ఒక గదిలో డాక్టరమ్మ. ఇంకో గది రెండో డాక్టరుకని ఉంచారు, ఆ డాక్టరు మూడేళ్ళుగా రాలేదు, ఆయన కుర్చీలో అట్టపెట్టెలు కూర్చున్నాయి. మూడోది ముందుగది. అందులో పెద్దమ్మ కిటికీ, కిటికీ ఎదుట ముగ్గురు పట్టే బెంచీ. తొమ్మిది వేలమంది విద్యార్థుల మనసులకు ఏర్పాటు ఇంతే.

వచ్చేవాళ్ళు వాకిట్లోంచి రారు. బోర్డు కింద నిలబడితే ఎవరైనా చూస్తారని సైకిళ్ళ షెడ్డు వెనకనుంచి చుట్టూ తిరిగి వస్తారు. చేతిలో ఏదో ఒక ఫైలు పట్టుకుంటారు, వేరే ఆఫీసుకు పోతూ దారి తప్పినట్టు. పెద్దమ్మకు అది మొదటివారంలోనే అర్థమైంది. "ఏం నాన్నా, దారి తప్పావా? సరే, తప్పినవాడివి కాసేపు కూర్చో" అని బెంచీ చూపించేది. ఆ మాటకు కొందరు నవ్వేవాళ్ళు. కొందరికి అక్కడే కళ్ళనీళ్ళు తిరిగేవి.

అక్కడా ఒక ఫారం ఉంది. అందులో తొమ్మిది ప్రశ్నలు. ఆకలి, నిద్ర, చదువు మీద మనసు నిలవడం, ఇలా ఎనిమిది. తొమ్మిదోది, "ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా?" పక్కన రెండు గళ్ళు: అవును, లేదు. అవును అని టిక్కు పెడితే డాక్టరమ్మ ఆ పూటే చూడాలి, సాయంత్రంలోపు ఇంటికి ఫోన్ చేసి చెప్పాలి. రెండూ ఒకే రూలు, ఒకదాన్ని వదిలి ఇంకొకటి తీసుకోవడానికి లేదు. లేదు అని పెడితే ఇంటికి కబురు వెళ్ళదు, కానీ మామూలు వరసలో నిలబడాలి. ఆ వరస మూడు వారాలకు తక్కువ ఉండేది కాదు.

మొదటి ఏడాది పెద్దమ్మ ఈ తొమ్మిదో ప్రశ్న జోలికి పోలేదు. ఇదేదో డాక్టర్ల వ్యవహారం, మనకెందుకని ఊరుకుంది. అప్పుడు ఫిజిక్సు చదివే ఒక అమ్మాయి వచ్చింది, రెండో సంవత్సరం. అవును అని పెట్టింది. డాక్టరమ్మ రూలు ప్రకారం ఇంటికి ఫోన్ చేసింది. మర్నాడు పదింటికల్లా ఆ పిల్ల అన్న, మేనమామ దిగారు. "మా పరువు బజారున పెట్టావు కదే" అని మేనమామ ఆ సైకిళ్ళ షెడ్డు పక్కనే నిలబెట్టి అరిచాడు. డాక్టరమ్మ అడ్డం వెళ్తే ఆమెనూ నాలుగు మాటలన్నాడు. గంటలో పెట్టె సర్దించారు. వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల కిటికీ దగ్గర ఆగింది.

"ఆ గడిలో టిక్కు పెడితే ఏమవుతుందో మీకు తెలుసు కదా పెద్దమ్మా. నాకొక్క మాట చెప్పొచ్చుగా."

అంతే అంది. రెండు నెలలకు ఆ పిల్ల చదువు మానేసినట్టు కాగితం వచ్చింది. పంతొమ్మిదేళ్ళు అందరికీ చెప్పిన మాట ఆ పిల్లకు చెప్పకుండా ఉన్నానే అని పెద్దమ్మ కుమిలిపోయింది. ఇంట్లో అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. ఇక ఇంకో పిల్లకు ఈ గతి పట్టనివ్వనని అనుకుంది.

ఆ తర్వాత తొమ్మిదో ప్రశ్నకు ఎవరైనా పెన్సిల్‌తో అవును అని పెట్టి తెస్తే, గొంతు తగ్గించి చెప్పేది. "ఇది కాస్త ఆలోచించుకుని పెట్టు నాన్నా. అవునంటే సాయంత్రంలోపు ఇంటికి ఫోన్ వెళ్తుంది." వద్దని ఎవరికీ చెప్పలేదు. చెరిపెయ్యమనీ అనలేదు. అయినా వాళ్ళే చెరిపేసేవాళ్ళు. ఏడాదిన్నరలో పదకొండుమంది. వాళ్ళను వరసలో ముందుకు లాగడానికి పెద్దమ్మ నానా తంటాలు పడేది. ఎవరైనా రాకపోతే ఆ ఖాళీలో వీళ్ళను దూర్చేది. పదకొండుమందీ బతికే ఉన్నారు. ఒకడు ఉద్యోగమొచ్చిందని స్వీట్ల పెట్టె పట్టుకొచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు. అందరూ బాగున్నారు కాబట్టి తను చేసింది ఒప్పేనని అనుకుంది. అలా అనుకోని మనిషి ఎవరుంటారు?

పన్నెండోవాడు సారీ బాబు.

లెక్కలు చదివేవాడు, ఆఖరి సంవత్సరం. తాటిచెట్టంత పొడుగు, మాట మాత్రం పక్కవాడికి వినపడనంత చిన్నది. ఒక సోమవారం పదకొండింటికి వస్తూనే తలుపు పైచెక్క నెత్తికి కొట్టుకుని "సారీ" అన్నాడు. పెద్దమ్మ తలెత్తి చూస్తే గదిలో ఇంకెవరూ లేరు. తలుపుకే చెప్పాడు. ఆమెకు నవ్వాగలేదు. వాడూ నవ్వాడు. హాస్టల్లో తనను అందరూ సారీ బాబు అంటారని వాడే చెప్పాడు. "అనాల్సిన పేరే" అంది పెద్దమ్మ. ఫారం ఇచ్చి, పెన్సిల్ ఇచ్చి, బెంచీ చూపించింది.

ఎనిమిది ప్రశ్నలు అయిదు నిమిషాల్లో అయిపోయాయి. తొమ్మిదో దాని దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. చివరికి తెచ్చి కిటికీలో పెట్టాడు. అవును దగ్గర టిక్కు ఉంది. చాలా చిన్న టిక్కు, పెట్టాలా వద్దా అన్నట్టు.

అవునన్నవాళ్ళ కోసమని విడిగా ఉంచే గంట ఆ మధ్యాహ్నం డాక్టరమ్మకు ఖాళీగానే ఉంది. ఆ సంగతి పెద్దమ్మకు తెలుసు, జాబితా రాసేది తనే కదా.

"ఇంట్లో ఎవరున్నారు నాన్నా?"

"మా నాన్నొక్కడే. బస్సు డిపోలో టైర్లు మారుస్తాడు."

"ఆయనకు తెలుసా, నువ్విలా ఉన్నావని?"

"లేదు పెద్దమ్మా. ఆయనకు తెలియకూడదు."

"ఇది పెడితే మరి తెలుస్తుంది. సాయంత్రంలోపు ఫోన్ చేస్తారు."

"తప్పదా?"

"రూలు నాన్నా."

"లేదని పెడితే?"

"పెడితే మామూలు వరస. మూడు వారాలు. నేను లాగుతాలే ముందుకి. వచ్చే మంగళవారానికి పెట్టిస్తా, సరేనా?"

తండ్రికి తెలియకూడదన్న మాట చెవిన పడగానే పెద్దమ్మ కళ్ళముందు ఆ మేనమామ నిలబడ్డాడు, సైకిళ్ళ షెడ్డు పక్కన అరుస్తూ. ఎందుకు తెలియకూడదని అడగాలని ఆమెకు తోచనే లేదు. అడిగి ఉంటే కథ వేరేలా ఉండేది. తెలిసిన జబ్బుకు తెలిసిన మందే ఇస్తున్నాననుకుంది.

వాడి దగ్గర రబ్బరు లేదు. పెద్దమ్మే తన డ్రాయరులోంచి తీసి ఇచ్చింది. వాడు జాగ్రత్తగా, గీత కూడా మిగలకుండా చెరిపాడు. కిటికీ చెక్క మీద పొట్టు రాలితే అరచేత్తో తుడిచి సారీ చెప్పాడు. తర్వాత పెన్నుతో లేదు దగ్గర టిక్కు పెట్టి, సంతకం చేసి ఇచ్చాడు. పెద్దమ్మ ఆ ఫారాన్ని ఒకసారి చూసుకుని దస్త్రంలో పెట్టింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

గురువారం మళ్ళీ వచ్చాడు. కిటికీ దగ్గర నలుగురున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా నిలబడి, "ఖాళీ ఏమన్నా వచ్చిందా పెద్దమ్మా?" అన్నాడు.

"లేదు నాన్నా. మంగళవారం పదిన్నరకి వచ్చెయ్. జాబితాలో నీ పేరే మొదటిది."

"సరే పెద్దమ్మా."

అయినా వెళ్ళలేదు. "ఏమైనా తిన్నావా?" అని అడిగింది.

"తిన్నాను. సారీ, ఊరికే వచ్చాను" అని వెళ్ళిపోయాడు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ పిల్లవాడు రెండుసార్లు అడిగాడు.

ఆదివారం మధ్యాహ్నం, హాస్టల్లో అందరూ భోజనాలకు వెళ్ళిన వేళ, సారీ బాబు ప్రాణం తీసుకున్నాడు. ఎలా అన్నది ఇక్కడ చెప్పను. ఆ వివరాలు చెప్పుకుంటూ తిరిగేవాళ్ళు ఆ వారమంతా క్యాంటీన్లో కావలసినంతమంది దొరికారు. బతికున్నప్పుడు వాడి పక్కన కూర్చుని టీ తాగనివాళ్ళు కూడా వాడు తమకు ప్రాణస్నేహితుడన్నారు.

మంగళవారం పదిన్నరకు డాక్టరమ్మ తలుపు తీసి, కిందటివారమే రాసిపెట్టిన ఆ రోజు జాబితా అందుకుంది. మొదటి పేరు చదివింది. జాబితా అక్కడే పెట్టి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. బెంచీ మీద కూర్చున్న ఇద్దరూ కాసేపు చూసి, ఏమీ అడక్కుండా లేచి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం పెద్దమ్మ ఆ తలుపు తట్టింది. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పింది, ఫిజిక్సు పిల్ల కిటికీ దగ్గర చెప్పిన మాటనుంచి సోమవారం రబ్బరు దాకా. డాక్టరమ్మ చిన్నది, పెద్దమ్మకు కూతురుంటే ఆ వయసుండేది.

"అవునని పెట్టాడా?"

"పెట్టాడు."

"సోమవారం నాకు గంట ఖాళీ ఉంది పెద్దమ్మా."

"తెలుసమ్మా."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు ఫోన్ చేస్తారని."

డాక్టరమ్మ తల పట్టుకుంది. "చేసేదాన్నే. కానీ అలా కాదు. ఆ అమ్మాయి విషయంలో నేను తొందరపడ్డాను, నాకు తెలుసు. అప్పటినుంచి ఎవరైనా లోపలికొచ్చాక ఆ మాట బయటపెడితే ముందు వాళ్ళతోనే కూర్చుంటున్నాను. ఇంట్లో ఎవరికి చెప్తే ఫరవాలేదో వాళ్ళనే అడుగుతున్నాను. వాళ్ళు ఒప్పుకున్నాకే, వాళ్ళ ఎదురుగానే ఫోన్. ఏడాదిన్నరగా ఇలాగే చేస్తున్నా. ఒక్కళ్ళని కూడా పెట్టె సర్దించి తీసుకెళ్ళలేదు." తలెత్తి, "మీకు చెప్పాల్సింది. చెప్పలేదు నేను" అంది.

మధ్యలో ఉన్నది ప్లైవుడ్ గోడ. అటువైపు మనిషి తుమ్మితే ఇటు వినపడుతుంది. ఆ పిల్ల వెళ్ళిపోయాక ఇద్దరు ఆడవాళ్ళూ ఏడ్చారు, ఇద్దరూ తమ పద్ధతి మార్చుకున్నారు. మారిన సంగతి ఒకరికొకరు చెప్పుకోలేదు. ఎదుటివాళ్ళకు చెప్పుకోండి, మనసులో దాచుకోకండి అని ఊరందరికీ నేర్పే చోట జరిగిన పని ఇది.

"ఇది బయటికొస్తే సెంటరు మూసేస్తారు. మూయడానికి వాళ్ళకు సాకు కావాలి, అంతే. ఉన్న ఈ మూడు గదులూ పోతాయి" అంది డాక్టరమ్మ చివరికి. చెప్పొద్దని అనలేదు. చెప్పమనీ అనలేదు. పెద్దమ్మకు ఆ పద్ధతి బాగా తెలుసు, తను పదకొండుమందికి వాడింది అదే కదా.

విచారణకు ముగ్గురు పెద్దమనుషుల కమిటీ వేశారు. వాళ్ళు వచ్చి, టీ తాగి, దస్త్రం తెప్పించుకున్నారు. సారీ బాబు ఫారం చేతులు మారింది. తొమ్మిదో ప్రశ్నకు లేదు అని ఉంది. పెన్నుతో ఉంది. కింద సంతకం, తేదీ ఉన్నాయి. ముగ్గురికీ ఊపిరి తిరిగింది.

"రికార్డు చాలా పకడ్బందీగా పెట్టారమ్మా" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. "ఇదే లేకపోతే మనం పత్రికలవాళ్ళకు సమాధానం చెప్పుకోలేక చచ్చేవాళ్ళం."

పెద్దమ్మ ఆ ఫారాన్ని మళ్ళీ దస్త్రంలో పెట్టింది. చెబుదామని నోటిదాకా వచ్చింది. బెంచీ మీద రేపు కూర్చోబోయే పిల్లలు గుర్తొచ్చారని తనకు తాను చెప్పుకుంది. అది కొంత నిజం. మిగతాది భయం. ఇంటికెళ్ళి భర్తకు మొత్తం చెప్పేసింది. ఆ మనిషి, రోజూ ఏదో ఒక పరాచికమాడేవాడు, అన్నం కలిపిన చెయ్యి కంచంలోనే పెట్టి ఎండిపోయేదాకా కూర్చున్నాడు.

మూడు వారాలకు సారీ బాబు తండ్రి వచ్చాడు. కొడుకు సర్టిఫికెట్లు తీసుకోవడానికి పరీక్షల విభాగానికి వెళ్తే, అక్కడివాళ్ళు ఒక ఫారం చేతిలో పెట్టి, నాలుగైదు చోట్ల సంతకాలు చేయించుకు రమ్మన్నారు. అందులో ఈ కేంద్రం కూడా ఉంది. పొడుగాటి మనిషి. తలుపు దగ్గర అలవాటుగా తల వంచి లోపలికి వచ్చాడు. వేళ్ళ సందుల్లో రబ్బరు నలుపు. ఎంత కడిగినా పోని నలుపది. ఎవరో చెప్పకుండానే పెద్దమ్మకు తెలిసిపోయింది.

"అమ్మా, ఇక్కడేం రాయాలి?" అని ఫారం కిటికీలో పెట్టి ఒక గడి మీద వేలు ఆనించాడు. "అక్కడి కుర్రాడు మిమ్మల్ని అడగమన్నాడు. ఏ గడిలో ఏం రాయాలో మీకైతే తెలుస్తుందన్నాడు."

విద్యార్థి చదువు ఆపివేయడానికి కారణం. ఆ గడి అది.

ఏం రాస్తే పని జరుగుతుందో ఆమెకు తెలియక కాదు. "వ్యక్తిగత కారణాలు" అని రాస్తే చాలు, సంతకాలు చకచకా పడిపోతాయి, ఆయన సాయంత్రం బస్సుకు ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆ రెండు ముక్కలూ ఆమె నోట రాలేదు. లేచి, కిటికీ గదిలోంచి బయటికొచ్చి, బెంచీ మీద ఆయన పక్కన కూర్చుంది. మొత్తం చెప్పింది. ఏడవకుండా చెప్పాలనుకుంది. సగం దాకా ఏడవలేదు.

ఆయన మధ్యలో అడ్డురాలేదు. అంతా అయ్యాక, "ఆదివారం పొద్దున నాతో మాట్లాడాడమ్మా" అన్నాడు. "ఎలా ఉన్నావురా అంటే బాగున్నా నాన్నా అన్నాడు. ఎవరికీ చెప్పుకోలేని పిల్లాడిగా పెంచానని ఏడుస్తున్నాను ఇన్నాళ్ళూ. చెప్పాడన్నమాట."

"చెప్పాడండీ."

"రాసిచ్చాడన్నమాట."

"రాసిచ్చాడు."

"నాకు తెలియకూడదన్నాడా?"

"అన్నాడు."

"ఎందుకో అడిగారా?"

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది.

"మొదటేడు వాడికి జ్వరమొస్తే నేనొచ్చి నాలుగు రోజులు హాస్టల్ మెట్ల మీదే కూర్చున్నాను. లోపలికి రానివ్వరుగా. డిపోలో సెలవు ఇవ్వకపోతే చెప్పకుండా వచ్చేశాను. తిరిగెళ్ళాక అందరి ముందూ తిట్టారు. అది వాడికి ఎవరో చెప్పారు. అప్పట్నుంచి తలనొప్పి అని కూడా చెప్పడం మానేశాడు. చెబితే నేను పని వదిలేసి వచ్చేస్తానని వాడి భయం." ఆయన తన చేతుల కేసి చూసుకున్నాడు. "వచ్చేసేవాణ్ణే. వాడి భయం నిజమే."

"నేను వేరే విధంగా అనుకున్నానండీ. కొట్టి తీసుకెళ్ళేవాళ్ళని చూశాను."

"ఒక్కసారి ఫోన్ చేసి ఉంటే నేనెలాంటివాణ్ణో తెలిసేది కదమ్మా."

గొంతు పెంచి అన్న మాట కాదు. తిట్టినా, చెయ్యెత్తినా ఆమెకు కాస్త తేలికగా ఉండేది. ఆయన ఆ ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. సంతకం చేస్తానంటే, "సర్టిఫికెట్లు ఏం చేసుకుంటానమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆ సర్టిఫికెట్లు ఇప్పటికీ పరీక్షల విభాగం బీరువాలోనే ఉన్నాయి.

ఆ సాయంత్రమే పెద్దమ్మ తెల్లకాగితం తీసుకుని జరిగింది జరిగినట్టు రాసింది. తప్పు తనదనీ, డాక్టరమ్మకు తెలియదనీ, ఇంటికి ఫోన్ చేయడం, ఆ పూటే చూడడం రెండూ ఒకే గడికి కట్టేయడం వల్ల పిల్లలు భయపడి అబద్ధం రాస్తున్నారనీ రాసింది. ఆ రెండింటినీ విడదీయమని, పిల్లలను ముందు చూడమని, రెండో డాక్టరును వేయమని చేతులెత్తి వేడుకుంది. మర్నాడు స్వయంగా తీసుకెళ్ళి రిజిస్ట్రారు చేతికిచ్చింది. రెండు పేజీలు. పెన్సిల్‌తో ముందు రాసి చూసుకోకుండా రాసిన కాగితం అదొక్కటే.

కమిటీ మళ్ళీ కూర్చుంది. పెద్దమ్మను వెంటనే సస్పెండు చేశారు, తర్వాత ముందుగానే రిటైరు చేయించారు. ఆమె దానికి ఎదురు చెప్పలేదు. తక్కువ శిక్షే అనుకుంది. డాక్టరమ్మను ఇంకో శాఖకు మార్చి, ఆమె చోట వారానికి రెండు రోజులు వచ్చే మనిషిని పెట్టారు. సెంటరు మూయలేదు. మూస్తే పత్రికల్లో బాగుండదని ఎవరో అన్నారట. ఇవన్నీ అయ్యాక, ఇకమీదట ఇలాంటి పొరపాటు జరగకుండా ఏం చేయాలని కమిటీ దీర్ఘంగా చర్చించింది. గొడవంతా తొమ్మిదో ప్రశ్నతోనే వచ్చిందని తేలింది. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు, ఆ ప్రశ్నను తీసేశారు.

ఈ సంగతి పెద్దమ్మకు తెలిసింది చాలా ఆలస్యంగా. స్వీట్ల పెట్టె తెచ్చినవాడు ఒక మధ్యాహ్నం చూడ్డానికి వచ్చాడు. వాడు యూనివర్సిటీలోనే చిన్న ఉద్యోగంలో చేరాడు. ఆ ఏడాది వార్షిక నివేదిక వాడి సంచిలో ఉంటే ఆమె తీసి తిరగేసింది. కేంద్రం గురించి అందులో ఒకటే పేరా ఉంది. ఈ సంవత్సరం ఆరువందల పన్నెండుమంది విద్యార్థులు కేంద్రానికి వచ్చారని, వాళ్ళలో ప్రాణం తీసుకునే ఆలోచన ఉన్నవాళ్ళు ఒక్కరు కూడా లేరని, ఇది ఎంతో సంతోషించవలసిన విషయమని రాశారు.

"ఒక్కళ్ళు కూడా లేరా?" అంది పెద్దమ్మ.

"ఎవరూ చెప్పలేదు పెద్దమ్మా. ఇప్పుడు ఫారంలో ఎనిమిదే ప్రశ్నలు" అన్నాడు వాడు.